సున్నాతో భాగిస్తే కూలేది ఏమిటి?

"హారం సున్నా కాకూడదు" అన్న షరతు మన లెక్కల పుస్తకాల్లో ఒక ఆజ్ఞలాగా కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి అకరణీయ సంఖ్యల పాఠంలో ఎదురై, ఇంటర్మీడియట్‌లో ప్రమేయాల దాకా వెంట వస్తూనే ఉంటుంది. ఎందుకు కాకూడదని అడిగిన పిల్లలకు "అది నిర్వచితం కాదు" అని చెబుతారు. ప్రశ్ననే ఇంకో మాటల్లో తిరిగి చెప్పినట్టే అది. నిజానికి ఇక్కడ ఎవరూ దేన్నీ నిషేధించలేదు. గణితంలో ఎవరైనా ఏదైనా నిర్వచించుకోవచ్చు. నిర్వచించుకున్నాక ఏది నిలబడుతుంది, ఏది కూలుతుంది అన్నది మాత్రం మన చేతుల్లో ఉండదు. బీజగణితం ఎలా నడుస్తుందో చూడటానికి సున్నాతో భాగహారం కన్నా మంచి కిటికీ లేదని నా నమ్మకం. మనం ఆ కిటికీని పిల్లల ముందు మూసేసి వెళ్లిపోతున్నాం.

ముందు భాగహారం అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఆరు మామిడిపళ్లను సున్నా మందికి ఎలా పంచుతాం అని అడిగి, పంచలేం కాబట్టి కుదరదని చెప్పడం బడిలో మామూలు. కానీ ఆరు పళ్లను అర మనిషికి కూడా పంచలేం. అయినా 6ని 1/2తో భాగిస్తే 12 అని ఏ సంకోచమూ లేకుండా రాస్తాం. −2తో కూడా భాగిస్తాం. కాబట్టి పంపకం కథ ఇక్కడ కారణం కాలేదు. బీజగణితంలో భాగహారం అంటే గుణకారాన్ని వెనక్కి తిప్పడం, అంతే. 6 ÷ 2 ఎంత అంటే, 2తో గుణిస్తే 6 వచ్చే సంఖ్య ఏది అని. భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశిని 'యా' అనీ, రెండోది కావాలంటే 'కా' అనీ రాసేవారు. ఇక్కడ నేనూ అవే వాడుతున్నాను. 2 × యా = 6 అయితే యా = 3. అలాంటి యా ఒకటి ఉంది, ఒక్కటే ఉంది. భాగఫలానికి ఈ రెండూ అవసరం.

ఇప్పుడు 6 ÷ 0 అడుగుదాం. 0 × యా = 6 కావాలి. ఏ సంఖ్య పెట్టినా ఎడమవైపు 0 వస్తుంది కాబట్టి అలాంటి యా లేదు. 0 ÷ 0 అడిగితే 0 × యా = 0 కావాలి. దీనికి 3 సరిపోతుంది, −17 సరిపోతుంది, ఏదైనా సరిపోతుంది. మొదటి దానిలో జవాబే లేదు, రెండో దానిలో జవాబులు మరీ ఎక్కువ. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. రెంటినీ "నిర్వచితం కాదు" అన్న ఒకే చీటీ కింద కట్టేయడం వల్ల, ముందు ముందు చాలా ముఖ్యమైన తేడా ఒకటి పిల్లలకు కనబడకుండా పోతోంది.

సున్నాతో ఏది గుణించినా సున్నానే రావాలని అసలు ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు, అది దానంతట అదే వస్తుంది. 0 + 0 = 0 కదా. రెండువైపులా యాతో గుణిస్తే (0 + 0) × యా = 0 × యా. విభాగ న్యాయం ప్రకారం ఎడమవైపుది 0 × యా + 0 × యా అవుతుంది. రెండువైపుల నుంచీ ఒక 0 × యా తీసేస్తే మిగిలేది 0 × యా = 0. కూడిక, గుణకారాలను కలిపి కట్టే ముడి విభాగ న్యాయమే. ఆ ముడి ఉన్నంతకాలం సున్నా గుణకారంలో అన్నిటినీ మింగేస్తుంది. మింగినదాన్ని వెనక్కి రప్పించడం ఎలా? 0 × 3, 0 × 8 రెండూ 0 అయినప్పుడు, చేతిలో మిగిలిన 0ని చూసి మొదట ఉన్నది 3 అని గానీ 8 అని గానీ చెప్పలేం. వెనక్కి తిప్పడానికి కావలసిన సమాచారమే పోయింది.

దీనికి చురుకైన విద్యార్థి ఎవరైనా ఒక ఎదురుప్రశ్న వేయాలి. వేస్తే ఆ క్లాసు ధన్యమైనట్టే. "వర్గం −1 అయ్యే సంఖ్య కూడా లేదు కదా, దాన్ని మాత్రం ఐ అని పేరు పెట్టి ఎందుకు తెచ్చుకున్నారు? అలాగే 1/0కి ఒక పేరు పెట్టుకుంటే సరిపోదా?"

ఇది చాలా న్యాయమైన ప్రశ్న. ఇటలీ గణితవేత్త కార్డానో 1545లో ఘన సమీకరణాల సూత్రం ప్రచురించినప్పుడు రుణ సంఖ్యల వర్గమూలాలు ఇబ్బంది పెట్టాయి. 1572లో బొంబెల్లి యా³ = 15యా + 4 తీసుకున్నాడు. దీనికి 4 ఒక మూలమని ఎవరికైనా తెలుస్తుంది: 64 = 60 + 4. కానీ సూత్రం ఆ 4ని చేరాలంటే దారిలో −121 వర్గమూలం దాటాల్సిందే. ఆయన దానితో మామూలు నియమాల ప్రకారమే లెక్క చేసుకుంటూ పోయాడు, చివరికి 4 వచ్చింది. అంటే ఐని లోపలికి రానిచ్చినప్పుడు కూడిక, గుణకారాల నియమాల్లో ఒక్కటి కూడా చెడలేదు. చెల్లించిన మూల్యం ఒకటే: పెద్ద, చిన్న అన్న వరుస పోయింది. ఐ సున్నా కన్నా పెద్దదా చిన్నదా అని అడిగే వీలు లేదు. 1843లో హామిల్టన్ నాలుగు భాగాల సంఖ్యలు తయారు చేసినప్పుడు ఇంకాస్త ఎక్కువ చెల్లించాడు. అక్కడ గుణకారంలో వరుస మారిస్తే ఫలితం మారుతుంది. కొత్త సంఖ్యలు వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ ఏదో ఒకటి ఇచ్చుకుంటూనే ఉన్నాం.

మరి 1/0 ఏం అడుగుతుంది? దానికి 'త' అని పేరు పెడదాం. దాని పని 0 × త = 1 కావడం. కానీ ఏది పెట్టినా 0 × త = 0 అని ఇప్పుడే చూశాం. కాబట్టి 1 = 0. ఇక ఏ సంఖ్యనైనా తీసుకోండి, అది తనను 1తో గుణించిన దానికి సమానం, అంటే 0తో గుణించిన దానికి సమానం, అంటే 0. సంఖ్యలన్నీ కుప్పకూలి ఒక్క సున్నాగా మారిపోయాయి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని గమనించాలి. సున్నా ఒక్కటే ఉన్న ప్రపంచం సక్రమమైన వలయమే, అంటే కూడిక, గుణకారాల మామూలు నియమాలన్నీ నడిచే చోటే; అక్కడ 0 ÷ 0 = 0, భాగహారం చక్కగా జరుగుతుంది. బీజగణిత నియమాలన్నీ ఉంచుకుని సున్నాతో భాగించగల చోటు అదొక్కటే. ఐ కోసం వరుసక్రమం ఇచ్చాం. 1/0 కోసం నియమాలేవీ వదలకుండా ఉండాలంటే సంఖ్యలన్నిటినీ ఇచ్చేయాలి.

పుస్తకాల్లో దీని ప్రసక్తి 1 = 2 అని నిరూపించే చమత్కారంగా వస్తుంది. ఆ చమత్కారం బాగానే ఉంటుంది కానీ, పరీక్షల్లో మార్కులు పోయేది దాని వల్ల కాదు. అసలు ప్రమాదం, భాగిస్తున్నది సున్నా అని కనబడకుండా ఉండటంలో ఉంది. యా² = 5యా ఇస్తే చాలామంది రెండువైపులా యాను కొట్టేసి యా = 5 అంటారు. 0 కూడా ఒక మూలం; కొట్టివేతలో అది కొట్టుకుపోయింది. (యా − 2)(యా + 3) = (యా − 2)(2యా − 1) ఇస్తే ఉమ్మడిగా ఉన్నది కొట్టేసి యా = 4 అంటారు, 2 పోతుంది. యాను కొట్టేస్తున్నప్పుడు "యా సున్నా కాదు" అని మనకు తెలియకుండానే ఒట్టు పెట్టుకుంటున్నాం. ఆ ఒట్టు ఎక్కడా కాగితం మీద ఉండదు. కొట్టేసే బదులు అన్నీ ఒకవైపుకు తెచ్చి కారణాంకాలుగా రాస్తే, యా(యా − 5) = 0 లాగా, ఏ మూలమూ తప్పించుకోదు.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. యా/(యా − 3) = 3/(యా − 3) ఇస్తే రెండువైపులా హారంతో గుణించి యా = 3 అంటాం. వెనక్కి వెళ్లి పెట్టి చూస్తే హారం సున్నా. అసలు సమీకరణానికి జవాబే లేదు. సున్నాతో భాగిస్తే నిజమైన మూలం పోతే, సున్నాతో గుణిస్తే దొంగమూలం చేరింది.

అక్షరం ఒకటి స్థిరాంకంగా ఉన్నప్పుడు విషయం ఇంకా చిక్కగా ఉంటుంది. (మ − 1) × యా = మ² − 1 అని ఉందనుకుందాం. యా = మ + 1 అని రాసేస్తాం. మ విలువ 1 అయితే? సమీకరణం 0 × యా = 0 అవుతుంది, ఏ యా అయినా సరిపోతుంది. కుడివైపు మ² + 1 ఉండి ఉంటే, మ = 1 దగ్గర 0 × యా = 2 అయ్యేది, జవాబే ఉండేది కాదు. మొదట చెప్పిన రెండు జబ్బులు ఇక్కడ మళ్లీ కనిపిస్తున్నాయి చూడండి. రెండు సరళరేఖల సమీకరణాల్లోనూ ఇంతే. యా + 2కా = 3, 2యా + 4కా = 6 తీసుకుంటే రెండూ ఒకే రేఖ; గుణకాల నుంచి సాధనను రాబట్టే నిర్ధారకాల సూత్రం 0/0 ఇస్తుంది, సాధనలు అనంతం. రెండో దానిలో 6 బదులు 7 పెడితే సమాంతర రేఖలు. సూత్రం యాకు −2/0 ఇస్తుంది, సాధన లేదు. 0/0కీ −2/0కీ తేడా తెలిసిన విద్యార్థికి ఈ అధ్యాయంలో కంఠస్థం చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. యా సున్నా కావచ్చు కదా, మరి 1/యా అని రాయడమే తప్పా? (యా² − 1)/(యా − 1)ను యా + 1 అని రాస్తాం, అది మోసమా? బహుపదుల లోకంలో యా ఒక సంఖ్యకు మారుపేరు కాదు, అది స్వయంగా ఒక వస్తువు. యా − 1 అన్నది సున్నా బహుపది కాదు, కాబట్టి దానితో భాగించడం పూర్తిగా చట్టబద్ధం. ఆ రెండు రూపాలూ ఒకే భిన్నం. అదే రాతను ప్రమేయంగా చదివి, యా స్థానంలో 1 పెట్టబోతే మాత్రం మొదటి రూపం జవాబివ్వదు, రెండోది 2 అంటుంది. ఒకే రాతకు రెండు చదువులు ఉన్నాయి. టీచరు ఏ చదువులో ఉన్నారో చెప్పకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి దూకినప్పుడే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది.

భాగించడానికి వీల్లేనిది ఎప్పుడూ సున్నా ఒక్కటేనా అంటే, అదీ కాదు. గడియారం లెక్క తీసుకోండి: 12 వస్తే మళ్లీ 0. అక్కడ 5 × 5 = 25, అంటే 1; కాబట్టి 5తో హాయిగా భాగించవచ్చు. 3తో? 3 గుణిజాలు 0, 3, 6, 9 దగ్గరే తిరుగుతాయి, 1 ఎన్నటికీ రాదు. కారణం ఏమిటంటే అక్కడ 3 × 4 = 0. 3తో భాగించగలిగితే ఆ సమీకరణంలో 3ను కొట్టేసి 4 = 0 అనేయవచ్చు, మళ్లీ కుప్పకూలడమే. సున్నాకున్న జబ్బు 3కూ, 4కూ, ఇంకొన్నిటికీ అంటుకుంది. వారాల లెక్కలో, అంటే 7 వస్తే 0 అయ్యే చోట, ఆ ఇబ్బంది లేదు. 2 × 4, 3 × 5, 6 × 6 అన్నీ 1 ఇస్తాయి. 7 ప్రధాన సంఖ్య కావడమే దీనికి కారణం. సున్నా తప్ప అన్నిటితోనూ భాగించగల ఇలాంటి చోట్లను క్షేత్రాలు అంటారు. ఆ నిర్వచనంలో "సున్నా తప్ప" అన్న మాట అలంకారం కోసం పెట్టింది కాదని ఇప్పుడు తెలుస్తుంది.

ఈ చిక్కుతో మన దేశంలో జరిగిన కుస్తీ చాలా పాతది. సున్నాతో లెక్కలకు నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో 0 ÷ 0 = 0 అన్నాడు; మిగతా సంఖ్యలను సున్నాతో భాగిస్తే, సున్నా హారంగా ఉన్న భిన్నంగానే వదిలేశాడు, విలువ చెప్పలేదు. తొందరపడి ఏదో ఒకటి చెప్పకుండా ఆగడం నాకు గొప్పగా అనిపిస్తుంది. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితానికి మూలం ఈ గ్రంథమే. భాగహారాన్ని పదేపదే తీసివేయడంగా చూస్తే మహావీరుడి మాటలో అర్థం దొరుకుతుంది: సున్నాను తీసేస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కానీ సరిచూస్తే నిలవదు. 6 ÷ 0 = 6 అయితే 0 × 6 = 6 కావాలి.

1150లో సిద్ధాంతశిరోమణి రాసిన భాస్కరాచార్యుడు హారం సున్నా అయిన రాశిని ఖహరం అన్నాడు. దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా అది మారదన్నాడు. సృష్టిలో జీవకోటి బయటికి వచ్చినా, ప్రళయంలో లోపలికి చేరినా అచ్యుతుడిలో మార్పు లేనట్టే అని పోల్చాడు. లీలావతిలో ఇంకో లెక్క ఉంది, నాకు దానిమీదే ఎక్కువ ప్రేమ. ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి దానిలో సగం కలిపి, 3తో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది. ఆ సంఖ్య ఏది? ఇంకా చేయాల్సిన లెక్క మిగిలి ఉంటే సున్నాతో గుణించగానే 0 అని రాసేయవద్దు, "సున్నాతో గుణించినది" అని గుర్తుపెట్టుకో, తర్వాత సున్నాతో భాగించాల్సి వస్తే రెండూ పోతాయి అన్నది ఆయన పద్ధతి. అలా చేస్తే సంఖ్యకు నాలుగున్నర రెట్లు 63, అంటే సంఖ్య 14. మామూలు బీజగణితంలో ఇది తప్పే. సున్నా బదులు అతి చిన్న రాశిని పెట్టి, చివర్లో దాన్ని సున్నా వైపు జరిపితే మాత్రం సరిగ్గా 14 వస్తుంది. మింగిన సమాచారాన్ని సున్నా పక్కనే దాచిపెట్టడం అన్నమాట. ఇలాంటి గణితం గ్రహగణితంలో చాలా ఉపయోగపడుతుందని ఆయనే చెప్పాడు. ఇలా దగ్గరకు జరిపి చూసే అవధి (లిమిట్) భావన పూర్తి రూపంలో కుదురుకోవడానికి అప్పటికి ఇంకా ఏడు వందల ఏళ్ల దూరం ఉంది.

"1/0 అనంతం" అనే పిల్లల జవాబుకు ఈ అవధి ఆలోచనే మూలం. 1/0.1 = 10, 1/0.01 = 100, అలా పెరుగుతూ పోతుంది. కానీ రుణ సంఖ్యల వైపు నుంచి వస్తే −10, −100 అని కిందికి పోతుంది. రెండు దారులూ రెండు వైపులకు లాగుతాయి. సంఖ్యారేఖ రెండు కొసలనూ కలిపి, అక్కడ ∞ అనే ఒక్క బిందువు పెడితే ఈ తగువు తీరుతుంది; 1/0 = ∞ అని ధైర్యంగా రాయవచ్చు. రేఖాగణితంలోనూ సంకీర్ణ సంఖ్యల సిద్ధాంతంలోనూ నిత్యం అలాగే రాస్తారు. నిటారు రేఖ వాలు ∞ అనవచ్చు. ∞ + 5 = ∞, అంటే భాస్కరుడి ఖహరమే. అయితే 0 × ∞, ∞ − ∞, ∞ + ∞, 0/0 మాత్రం ఖాళీగానే ఉంటాయి. జబ్బుల్లో ఒకటి నయమైంది, రెండోది అలాగే ఉంది.

కంప్యూటర్లకు ఖాళీగా వదిలేసే సౌకర్యం లేదు, ఏదో ఒకటి చేయాలి. చుక్క ఉన్న సంఖ్యల (ఫ్లోటింగ్ పాయింట్) లెక్కలకు 1985లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణం ప్రకారం 1/0 అనంతం, 0/0 "సంఖ్య కాదు" అన్న గుర్తు. ఆ గుర్తు తనకు తానే సమానం కాదు. పైగా +0, −0 అని రెండు సున్నాలు. అవి సమానమే, కానీ వాటి విలోమాలు +∞, −∞. సమానమైన వాటి నుంచి అసమానమైనవి వచ్చాయి, అది అక్కడ చెల్లించిన ధర. జావాస్క్రిప్ట్ ఈ దారిలో ఇన్ఫినిటీ అంటుంది, పైథాన్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఈ సంగతి ముందే ఆలోచించకపోతే ఏమవుతుందో 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళం చూసింది. యార్క్‌టౌన్ అనే యుద్ధనౌకలో సిబ్బందిలో ఒకరు డేటాబేస్ గడిలో సున్నా కొట్టారు, ప్రోగ్రాం దానితో భాగించింది, నెట్‌వర్క్ పడిపోయి నౌక కొన్ని గంటలు సముద్రంలో కదలకుండా నిలబడిపోయింది.

నిరూపణలను సరిచూసే లీన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో విడ్డూరం ఉంది: 1/0 = 0. బ్రహ్మగుప్తుడి 0 ÷ 0 = 0 కూడా అక్కడ నిజమే. ఇది చూసి గణితం కూలిపోయిందని కంగారుపడేవాళ్లు చాలామంది. ఏమీ కూలదు. 0 × (1/0) = 1 అని వాళ్లు ఎక్కడా చెప్పలేదు. భాగించి గుణిస్తే మొదటిది వస్తుందన్న సిద్ధాంతానికి "హారం సున్నా కానప్పుడు" అన్న షరతు అక్కడా ఉంది. పేరు భాగఫలమే అయినా, సున్నా దగ్గర అది గుణకారాన్ని వెనక్కి తిప్పే పనిని వదిలేసుకుంది.

సంఖ్యలు కూలకుండా సున్నాతో భాగించే ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది వీల్ అనే నిర్మాణం. 2004లో కార్ల్‌స్ట్రోమ్ దీన్ని వివరంగా రాశాడు. మామూలు సంఖ్యలకు రెండు చేరతాయి: 1/0 అనే ∞, 0/0 అనే ⊥. రెండు జబ్బులకూ విడివిడి పేర్లన్నమాట. ఇక దేన్నైనా దేనితోనైనా భాగించవచ్చు. సంఖ్యలు ఎందుకు కూలవు? మనం 0 × యా = 0 అని రాబట్టిన వరుస గుర్తు చేసుకోండి. విభాగ న్యాయం వాడిన మెట్టు మీదే వీల్ చెయ్యి వేస్తుంది. అక్కడ (యా + కా) × మ అన్నదానికి 0 × మ కలిపితేనే యా × మ + కా × మకు సమానమవుతుంది. మామూలు సంఖ్యలకు 0 × మ సున్నానే కాబట్టి పాత న్యాయమే తిరిగి వస్తుంది; మ విలువ ∞ అయితే 0 × మ = ⊥. యా − యా కూడా అన్నిసార్లూ 0 కాదు, యా/యా అన్నిసార్లూ 1 కాదు.

అంటే సమీకరణంలో ఒక పదాన్ని ఇటునుంచి అటు పంపే హక్కు పోయింది. యా + 2 = యా + 5 తీసుకోండి. బడిలో యాను రెండువైపులా తీసేసి 2 = 5 అని తేల్చి, సాధన లేదంటాం. వీల్‌లో అలా తీసేయడానికి వీల్లేదు. పైగా దీనికి రెండు సాధనలున్నాయి, ∞ ఒకటి, ⊥ ఇంకొకటి. కా = యా + 2, కా = యా + 5 అని గ్రాఫు కాగితం మీద గీస్తే రెండు సమాంతర రేఖలు వస్తాయి. సమాంతర రేఖలు కూడా కలుస్తాయని ఒప్పుకునే ప్రక్షేప రేఖాగణితంలో అవి కలుసుకునేది కూడా అనంతం దగ్గరే.